ఎర్తు

మూడో మాడ్యూల్‌ని బల్ల మీద పెట్టాడు ఏసోబు,
చచ్చిన ఎలకని తోక పట్టుకు తెచ్చినట్టు.

"ఇది మిర్చియార్డు గేటు ముందన్నా.
మీద నలభై టిక్కీలు. వెనక బళ్ళ బారు.
హారన్లయితే ఓర్చుకుందును, అమ్మనా బూతులు."

మొదటిది కాజ టోల్‌గేటు దగ్గర పోయింది.
రెండోది వారధి నడిమధ్య,
కింద కృష్ణలో ఇసుకే మిగిలిన నెలలో.
వేడెక్కితే ఆగుద్ది, చల్లారితే నడుస్తది.
తడి గోనెపట్టా కప్పి, ఒక బీడీ కాల్చి, తాళం తిప్పితే
ఏమీ ఎరగనట్టు అందుకుంటది.
అట్లా ఓ వారం.
తర్వాత ఆ మాయ కూడా ఉండదు.

ఆటోనగర్లో ప్రతి షెడ్డుకీ ఒక జవాబుంది.
డూప్లికేటు సరుకంటాడొకడు.
కాయిల్ మార్చమంటాడు పక్కోడు.
పాత పెట్రోలు బండికి గ్యాసు కిట్టెక్కించిన పాపమంటాడు పంపు మేస్త్రి,
"డీజిలుకైతే ఈ గోలే లేదుగా" అని నవ్వుతాడు.
"నిమ్మకాయ కట్టి ఎన్నాళ్లయింది నాయనా?"
టీకొట్టు నాంచారమ్మ.
కట్టాడు. అది కూడా ఎండిపోయింది.

నేను మాత్రం ఏం చేశానని?
పోయినదాన్ని పీకాను, కొత్తది బిగించాను.
పద్దెనిమిది వందలు, నా కూలి రెండొందలు.
రెండు సార్లు
రోగాన్ని వదిలేసి శవాన్ని మార్చాను.

ఇవాళ కొత్తదాన్ని డబ్బాలోంచి తియ్యలేదు.
మీటరు తీశాను.
కాయిల్ బాగుంది. ఛార్జింగు పద్నాలుగుంపావు, వంక లేదు.
"ఏసోబూ, సెల్ఫు కొట్టు."
ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద,
ఒక ముల్లు మాడ్యూల్ ఒంటి మీద.
సున్నా ఉండాల్సిన చోట
రెండున్నర.

ఆ అంకె చూశాక చెయ్యి దానంతటదే
యాక్సిలరేటర్ కేబుల్ మీదికి పోయింది.
చురుక్కుమంది.
ఈ ఏడు రెండు కేబుళ్ళు మార్చుకున్నాడీ మనిషి,
లోపల తీగ బిగుసుకుపోతోందని.
ఎందుకని ఎవడూ అడగలా.
నేనూ అడగలా.

ఇంటిదారి మూసేస్తే కరెంటు ఊరుకోదు.
పక్కోడి పెరడు దూకి,
బక్కోడి భుజం మీద కాలేసి
ఎలాగోలా మైనస్‌కి చేరుద్ది.
కమిలేది ఆ భుజం.

బండి కిందికి పాకాను.
కిందటేడు ఫిట్‌నెస్సుకి ముందు చాసిస్‌కి రంగేయించాడు,
నున్నటి నీలం, పెళ్ళిపందిట్లో బల్లలా.
గేర్‌బాక్సు పక్కన ఎర్తు పట్టీ.
దాని బోల్టు కింద కూడా అదే నీలం.
గీకలేదు.
రంగు మీదే పట్టీ, పట్టీ మీద వాషరు, వాషరు మీద నట్టు,
గట్టిగా, పద్ధతిగా,
పైన రెండు చుట్లు ఆకుపచ్చ టేపు.

మా లైన్లో ఆకుపచ్చ టేపు వాడేది నేనొక్కణ్ణే.
అది మా నాన్న ఖాదర్ బాషా అలవాటు.
"నల్ల టేపైతే
ఎవడు కట్టాడో తెలీదురా" అనేవాడు.

తెలిసింది నాన్నా.

కాసేపు అక్కడే పడుకున్నాను,
చెవి పక్కన ఆయిలు బొట్టు బొట్టుగా పడుతుంటే.
అవతల ఏసోబు కాళ్ళు కనిపిస్తున్నాయి.
ఎడమ చెప్పుకి పిన్నీసు.

గరుకు కాయితం అందుకుని గీకాను.
నీలం పోయింది, దాని కింద ఎర్ర కోటింగు పోయింది,
ఇనుము తెల్లగా తేలేదాకా గీకాను.
కొత్త పట్టీ, పళ్ళ వాషరు, పైన గ్రీజు.
మళ్ళీ మీటరు.
వోల్టులో పదో వంతు కూడా లేదు.

"దొంగ దొరికాడా అన్నా?"

"దొరికాడు."

"ఎవడంట?"

టేపు ముక్క వేలికి అంటుకుని వదలటం లేదు.
లాగి అతని అరచేతిలో పెట్టాను.

దాన్ని చూశాడు.
గోడ మేకుకి వేలాడే నా టేపు చుట్టని చూశాడు.
చాలాసేపు నిమ్మకాయ వంక చూశాడు.

"డబ్బా విప్పన్నా" అన్నాడు చివరికి,
"యార్డులో కాటా మూసేస్తారు.
మన లెక్క
వచ్చాక చూద్దాం."